తాత వేటకత్తికి మళ్లీ పదును: నాలుగో ఆదివారం

నిన్న సాయంత్రానికి మొన దాకా పదును వచ్చింది. నాలుగు ఆదివారాలు పట్టింది, ఎక్కడ తప్పు చేశానో మర్చిపోకముందే రాసిపెడుతున్నా.

కత్తి మా తాతది. అలుగు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు నాలుగు సెంటీమీటర్లు, కొలిమిలో కొట్టించిన మామూలు కార్బన్ ఉక్కు. వేట ఆయన కాలంతోనే పోయింది. ఇప్పుడు కొండపి దగ్గర మా ఊళ్లో సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టడానికి, పండగకి పొట్టేలు కోసినప్పుడు వాడతాం.

రెండేళ్ల కిందట ఒంగోలులో రోడ్డు పక్కన మోటారు సాన మీద పెట్టించా. నిప్పురవ్వలు లేస్తుంటే బాగా పడుతోందనే అనుకున్నా, ఇంటికొచ్చి చూస్తే మొన దగ్గర గోరంత మేర నీలం తిరిగింది. ఉక్కు 300 డిగ్రీల దగ్గరికి వేడెక్కితే ఆ రంగు వస్తుంది, అక్కడ గట్టిదనం పోతుంది, ఇక ఎంత నూరినా పదును నిలవదు. నాన్న చూసి "తాత దీన్ని చక్రం దగ్గరికి పోనిచ్చేవాడు కాదురా" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

మొదటి ఆదివారమంతా ఆ నీలం తియ్యడానికే సరిపోయింది. 120 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నున్నన), పక్కన బకెట్లో నీళ్లు, గంటన్నర చేత్తోనే. మొన రెండు మిల్లీమీటర్లు తగ్గింది, బాధగానే ఉంది కానీ వేరే దారి లేదు.

ఖరీదైన రాళ్లేమీ కొనలేదు. చీమకుర్తి పాలిష్ ఫ్యాక్టరీలో చేసే ఫ్రెండ్ అడుగు పొడవు గెలాక్సీ గ్రానైట్ ముక్క ఇచ్చాడు. పాలిష్ చేసిన వైపు అద్దంలా చదును, నీళ్లు చల్లి వాటర్ పేపర్ పరిస్తే అతుక్కుపోతుంది. ఒక్కటే జాగ్రత్త, వాదర (తెగే అంచు) ముందుకి తోస్తే పేపర్ కోసుకుపోతుంది, అందుకని ఎప్పుడూ వెన్ను ముందుండేలా లాగాలి.

రెండో వారం కత్తికీ రాయికీ మధ్య కోణం వంటింటి కత్తిలా 15 డిగ్రీలు పెట్టా. రెండు తుమ్మ కొమ్మలు కొట్టేసరికి వాదర నిండా చిన్న చిన్న గంట్లు. కొట్టే కత్తికి 20 నుంచి 25 ఉండాలి. నా కత్తి వెడల్పుకి వెన్ను రాయి మీంచి 15 మిల్లీమీటర్లు లేస్తే సుమారు 22 డిగ్రీలు, అంత మందం చెక్కముక్క ఒకటి కోసుకుని, మొదలుపెట్టే ముందు దాంతో కొలుచుకుంటున్నా.

అసలు తప్పు మూడో వారం తెలిసింది. వైపుకి యాభై లాగుళ్లని లెక్కపెట్టుకుని 400 నంబరు పేపర్ నుంచి 1000కి వెళ్లిపోయేవాణ్ణి. న్యూస్‌పేపర్ కోసి చూస్తే పిడి దగ్గర బ్రహ్మాండంగా తెగేది, మొన వైపు ఒంపు తిరిగే చోట మాత్రం చిరిగేది. అప్పుడు వాదర పొడుగునా నల్ల మార్కర్ పూసి, రెండే రెండుసార్లు లాగి ట్యూబ్‌లైట్ కింద చూశా. తిన్నగా ఉన్న చోటంతా నలుపు పోయింది. ఒంపు దగ్గర పైన పోయింది కానీ, సరిగ్గా అంచు మీద దారంలా నల్లగీత మిగిలే ఉంది. అంటే అక్కడ వాదర రాయికి తగలడమే లేదు! ఒంపులోకి వచ్చేసరికి పిడిని మెల్లగా పైకి లేపుతూ పోవాలి, నేను చెయ్యి ఒకే ఎత్తులో లాగేస్తున్నా.

ఇప్పుడు లెక్కలు మానేశా. ఒక వైపు నూరుతుంటే రెండో వైపుకి సన్నటి మడత తిరుగుతుంది, దాన్నే బర్ అంటారు. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకి జారిస్తే గరుకుగా తగులుతుంది (అంచు వెంబడి మాత్రం వేలు పెట్టొద్దు). అది పిడి నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా వచ్చేవరకు 400 వదలట్లేదు. నిన్న ఒక్కో వైపుకి దాదాపు అరగంట పట్టింది. ఆ తర్వాత 1000, 2000 పది నిమిషాల్లో అయిపోయాయి, చివర పాత లెదర్ బెల్టుకి గ్రీన్ కాంపౌండ్ (మెరుగు పెట్టే ఆకుపచ్చ ముద్ద) రుద్ది వైపుకి ఇరవై సార్లు, ఇక్కడ కూడా వెన్ను ముందు. న్యూస్‌పేపర్ ఒంపు దగ్గర కూడా చప్పుడు లేకుండా తెగింది.

తుడిచి కుట్టుమిషన్ నూనె రాసి పాత పంచె గుడ్డలో చుట్టిపెట్టా. తోలు ఒరలో ఉంచట్లేదు, తోలు చెమ్మ పడుతుంది, మాకు సముద్రం దగ్గర కూడా, వారంలో తుప్పు చుక్కలు వస్తాయి.

పిడి దగ్గర ఒక గంటు ఇంకా మిగిలే ఉంది. దాని కోసం కత్తి మొత్తం అరగదియ్యను, నూరిన కొద్దీ అదే పోతుంది. వచ్చే ఆదివారం ఊరెళ్లి తుమ్మ కొమ్మల మీద చూడాలి.