రేపు ఆటు తొమ్మిదింటికి

శనివారం, పుష్య బహుళ షష్ఠి

సంక్రాంతికి వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయారు. రేపు ఉప్పునీటి బురదలో పెరిగే కోరింగ మడ అడవికి వెళ్దామని పొద్దున కాఫీలప్పుడు నేనే కదిపాను. ఇన్నేళ్లుగా కాకినాడలో ఉంటున్నా అత్తయ్యగారు ఆ అడవి లోపలికి అడుగు పెట్టలేదు. యానాం వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి చూడటమే. మోకాళ్ల నొప్పులతో అడవిలో నడక ఏమిటని ఆవిడ సందేహం. కానీ అక్కడ ఎక్కుడు దిగుడు పెద్దగా లేని చెక్కల బాట వేశారు. చెట్ల నీడన, బురదకు కాస్త ఎత్తులో, పాయ ఒడ్డు దాకా నిదానంగా నడిచి వెళ్లవచ్చు. అలసిపోతే ఆగుదాం, తొందరేమీ లేదని చెప్పాను.

మా ఆయన వెంటనే పడవ మాటెత్తారు. పడవ ఎక్కితే సముద్రంలోని హోప్ ఐలాండ్ దీవి దాకా పోవచ్చని అమ్మాయి కూడా అందుకుంది. నేను ఒప్పుకోలేదు. మడ అడవిని నడిచే చూడాలని నా పట్టుదల. పడవ కావాలంటే నీళ్లు నిండుగా ఉండాలి. నీళ్లు నిండుగా ఉంటే నేను చూపించాలనుకున్నదంతా మునిగిపోయి ఉంటుంది.

అందుకే చేపలమ్మే పెద్దమ్మ వచ్చేదాకా బయలుదేరే వేళ ఖాయం చేయలేదు. ఆవిడ కొడుకు పాయల్లో వల వేస్తాడు. "రేపు సప్తమి కదమ్మా, తొమ్మిదింటికల్లా నీళ్లు దిగిపోతాయి. మరీ అడుగుకంటా పోవుగానీ బురద బాగానే తేలుతుంది" అంది. నీళ్లు ఎక్కడం పోటు, దిగడం ఆటు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎంత పెద్దదో ఆటూ అంత పెద్దది. సప్తమి అష్టములకు రెండూ మెత్తబడతాయి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ఏ రోజుకారోజు దాదాపు 50 నిమిషాల ఆలస్యం. ఈ లెక్క ఆవిడకు నోటికి వచ్చు. నేను గోడమీది క్యాలెండర్‌లో తిథి చూసుకుని సరిపోల్చుకున్నాను.

నీళ్లు దిగిన తర్వాత ఆ నేలను చూడటం నాకెంతో ఇష్టం. మడ చెట్టు మొదలు చుట్టూ బురదలోంచి వేలకొద్దీ మొనలు పైకి పొడుచుకుని ఉంటాయి. అవి వేర్లే. ఉప్పు బురదలో గాలి ఆడదు కనుక ఊపిరి కోసం వేర్లను పైకి పంపుతుంది ఆ చెట్టు. ఉప్పుపొన్న అని ఇంకో రకం మడ చెట్టు ఉంది, దాని దారి వేరు. కాండం నుంచి వంపు తిరిగిన వేర్లు దించి, వాటిమీద నిలబడుతుంది. దాని విత్తనం కొమ్మమీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, ఆ తర్వాతే రాలుతుంది. మొలకై దిగిన పిల్లను నీళ్లు మోసుకుపోయినా ఎక్కడో ఒకచోట నాటుకుంటుంది. ఇది అమ్మాయికి దగ్గరుండి చూపించాలి. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండి, దాన్ని ఊపుతూ తిరిగే చిన్న పీతలనూ, రెక్కల ఆసరాతో బురదమీద పాకే చేపలనూ చూపించాలి.

అమ్మాయికి మాత్రం బావురుపిల్లి, అంటే చేపలు పట్టి తినే అడవిపిల్లి, కావాలట. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978లో ప్రకటించారు, అంత అడవిలో ఒక్కటైనా కనపడదా అని వాదించింది. అది ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు, పగలు దొరకడం కష్టం. కానీ తడి బురదమీద నీటికుక్కవో, బావురుపిల్లివో అడుగుజాడలు పడి ఉండవచ్చు. అదీ ఆటు వేళ వెళ్లడానికి ఇంకో కారణం. కొమ్మలు విరవకూడదని ఇప్పుడే చెప్పి ఉంచాను. ముఖ్యంగా తిల్ల చెట్టు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మధ్యాహ్నం అత్తయ్యగారు కూరగాయలు తరుగుతూ 1996 నవంబరు తుపాను గురించి చెప్పారు. భైరవపాలెం వైపు వేటకు వెళ్లిన వాళ్లలో ఎంతమంది తిరిగి రాలేదో చెబుతూ ఆగిపోయారు. 1839లో ఉప్పెన వచ్చి కోరింగ రేవునే తుడిచిపెట్టిందని పుస్తకాల్లో చదివాను. ఈ తీరానికి అలలూ గాలీ కొత్త కాదు. ఆ దెబ్బలో కొంతైనా ఈ బురదలో నిలబడిన చెట్లు కాచుకుంటాయి. కట్టెల కోసమో రొయ్యల చెరువుల కోసమో మడ కొట్టేశారని వింటే నాకు ఒళ్లు మండుతుంది. నరకడానికి ఒక పూట చాలు. పెరగడానికి ఏళ్లు కావాలి.

ఏడున్నరకు ఇంటి దగ్గర బస్సెక్కితే చొల్లంగి దాటి, ఎనిమిదిన్నర లోపే అక్కడ ఉంటాం. పదకొండుకు తిరుగు ప్రయాణం. పులిహోర, స్టీలు సీసాల్లో నీళ్లు. ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా వద్దని గట్టిగా చెప్పాను. దోమలు ఎక్కువ కనుక అందరికీ పొడుగు చేతుల చొక్కాలు, అత్తయ్యగారికి కాళ్లకు రాసుకోవడానికి వేపనూనె. పట్టు జారని చెప్పులు ఆవిడకు లేవని సాయంత్రం బజారుకు వెళ్లి కొత్తవి తెచ్చాం. హాల్లో రెండుసార్లు అటూ ఇటూ నడిచి చూసి, బాగున్నాయన్నారు.

నడకకు ఒప్పుకున్నారుగానీ ఒక షరతు పెట్టారు. వచ్చే అమావాస్యకు చొల్లంగి తీర్థానికి కూడా తీసుకువెళ్లాలట, నీళ్లు సముద్రంలో కలిసే సంగమంలో స్నానం చేయించాలట. ఆ రోజు జనం కిటకిటలాడతారని మా ఆయన గొణిగారు. నేను మాత్రం సరేనన్నాను.