(ఎ) నుంచి (డి) వరకు

మంగళవారం మా నెట్ సెంటర్‌కి బేరం తక్కువ. గాజువాకలో మంగళవారం కొత్త పని మొదలుపెట్టడానికి ఇష్టపడని వాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. పాస్‌పోర్ట్ అప్లికేషన్లు, లైసెన్సు స్లాట్లు అన్నీ బుధవారానికి జరుగుతాయి. పార్లమెంటు నడిచే రోజుల్లో లోక్‌సభలో హోం శాఖ ప్రశ్నల వంతు మాత్రం మంగళవారమే. మధ్యాహ్నం అన్నం తిన్నాక పార్లమెంటు వాళ్ళ సంసద్ వెబ్‌సైట్ తెరుస్తాను. ఆ రోజు హోం శాఖ ఇచ్చిన జవాబుల్లో మనుషుల అక్రమ రవాణా, సైబర్ నేరాలు, ఇమిగ్రేషన్ అన్న మాటలున్నవి వెతికి ప్రింటు తీసి స్టేప్లర్ కింద పెడతాను. సాయంత్రం పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన పిన్ని మా షాపు దగ్గర ఆగుతుంది.

"ఈసారేటన్నాడు మంత్రి?" అంటుంది, తనతో మాట్లాడుతూ మధ్యలో ఫోన్ పెట్టేసిన మనిషిని గురించి అడిగినట్టు.

సొంత పిన్ని కాదు. మా వీధి చివరి ఇల్లు. బాబాయి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్ట్ పని చేసేవాడు. వాళ్ళబ్బాయి నన్ను అక్కా అంటాడు. ఆ అబ్బాయి కోసమే ఈ ప్రింట్లన్నీ.

జవాబు ఎలా ఉంటుందో చూడనివాళ్ళ కోసం చెప్తాను. పైన ఎంపీ అడిగిన ప్రశ్న ఉంటుంది. (ఎ) ఫలానాది ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, (బి) వస్తే వివరాలేమిటి, (సి) తీసుకున్న చర్యలేమిటి, (డి) ఇక ముందు ఏం చేస్తారు. ఇలా నాలుగైదు ముక్కలు. కింద జవాబు చాలాసార్లు ఒకటే మొదలు: (ఎ) నుంచి (డి) వరకు, రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల పరిధిలోని అంశాలు. పూజకు ముందు సంకల్పం చెప్పుకున్నట్టు ఈ వాక్యం చెప్పుకోకుండా నేరాల మీద జవాబు మొదలుకావడం అరుదు. నాలుగు కూరలకూ కలిపి ఒకే పోపు. తర్వాత కేంద్రం అండగా చేస్తున్న పనుల జాబితా. అందులో సైబర్ నేరాల సమన్వయ కేంద్రం ఉంటుంది, పోర్టల్ ఉంటుంది, 1930 నంబరు ఉంటుంది. మొదటిసారి చదివి వినిపించినప్పుడు పిన్ని అడిగింది: "1930 డబ్బు పోయినోళ్ళకి కదా. పిల్లడు పోయినోళ్ళకి వేరే నంబరుందేటి?"

ఇప్పుడు నా వంతు. ఆ అబ్బాయి పాస్‌పోర్ట్ అప్లికేషన్ నింపింది నేనే. 1,500 ఫీజు కట్టి, మర్రిపాలెంలో స్లాట్ బుక్ చేసి, ఏ కాగితాలు తీసుకెళ్ళాలో వెనకపక్క పెన్నుతో రాసిచ్చాను. డిగ్రీ చదివాడు. ఫార్మా కంపెనీలో తొమ్మిది వేలకు ట్రైనీగా చేరి మానేశాడు. 2023 నవంబరులో ఒక సాయంత్రం వచ్చి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. "అక్కా, కలర్ తియ్యి." కంబోడియా ఈ-వీసా. ప్రింటర్ లోంచి కాగితం వస్తూండగానే నా కన్ను పడింది. టైపు దగ్గర టి అని, పక్కన టూరిస్ట్ అని ఉంది.

"ఒరే, డేటా ఎంట్రీ ఉద్యోగం అన్నావు. టూరిస్ట్ వీసా ఏమిట్రా?"

"అక్కడికెళ్ళాక మారుస్తారటక్కా. అందరికీ అలాగే అంట."

అందరికీ అలాగే. నేను ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టిచ్చాను. కలర్ ప్రింటు పది, ఫోల్డర్ పదిహేను. ఇరవై ఐదు తీసుకుని, జాగ్రత్తగా వెళ్ళి రారా అన్నాను.

ఏజెంట్ లక్షన్నర తీసుకున్నాడు. పిన్ని మెళ్ళో నాంతాడు బ్యాంకుకెళ్ళింది. అబ్బాయి వెళ్ళిన వారం ఫోన్లు బాగానే వచ్చాయి. తర్వాత మాటల్లో తేడా వచ్చింది. ఎవరో పక్కన నిలబడి ఉన్నట్టు "బాగానే ఉన్నానమ్మా, తిన్నానమ్మా" తప్ప ఇంకేమీ లేదు. సంక్రాంతికి అసలు ఫోనే రాలేదు. మా వైపు ఒక స్టేషన్‌కి వెళ్తే, అబ్బాయి మేజర్, తనిష్టంతోనే వెళ్ళాడు, జరిగేదేదో అక్కడ జరుగుతోంది, మేమేం చేస్తామమ్మా అన్నారు. అరిచి కాదు, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ చెప్పారు. ఆ మర్యాదకే పిన్నికి ఎక్కువ భయమేసిందట.

2024 మేలో టీవీలన్నీ ఒక్కసారిగా మోగిపోయాయి. ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్ళని కంబోడియా పంపి అక్కడ సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠా గుట్టు విశాఖ సిటీ పోలీసులు బయటపెట్టారు. ఏజెంట్లను అరెస్టు చేశారు. అదే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో మనవాళ్ళు వందల మంది తిరగబడ్డారు. ఆ వీడియోలో మావాడున్నాడేమోనని పిన్నీ నేనూ ఫోన్లో ఎన్నిసార్లు ఆపి ఆపి చూశామో. సూర్యాబాగ్ కమిషనర్ ఆఫీసుకి బస్సులో తీసుకెళ్ళాను. పేరు, పాస్‌పోర్ట్ నంబరు రాసుకున్నారు. పాస్‌పోర్ట్ జిరాక్స్ అడిగితే నా దగ్గర ఉంది. నా సిస్టంలో అందరివీ ఉంటాయి.

జూన్‌లో వాడు వచ్చాడు. కాబట్టి రాష్ట్ర పరిధిలోని అంశం అన్న మాట అబద్ధమేమీ కాదు, కదిలింది మన రాష్ట్ర పోలీసులే. ఒప్పుకుంటాను. కానీ గాజువాక ఏజెంటు వాళ్ళకి దొరుకుతాడు. మావాణ్ణి అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో దింపుకుని డాలర్లకు ఇంకో కంపెనీకి అమ్మినవాడు ఎవరికి దొరుకుతాడు?

ప్రశ్నలడగడం గురించి నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే. ఎన్నికలైపోయాయి, కొత్త లోక్‌సభ వచ్చింది. జూన్ సమావేశం ప్రమాణ స్వీకారాలతో, ప్రసంగాలతో గడిచిపోయింది. జూలై 22న బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయి. మర్నాడు మంగళవారమే, కానీ ప్రశ్నలకు మొదలయ్యే పదకొండు గంటలకు బడ్జెట్ ప్రసంగం. ఆ మంగళవారం అలా పోయింది. రోజుకి నక్షత్రం గుర్తు ప్రశ్నలు ఇరవై. వీటికి మంత్రి నిలబడి నోటితో జవాబివ్వాలి, ఎంపీ అనుబంధ ప్రశ్న వేయొచ్చు. గంట గడిచేసరికి నాలుగైదు అయితే గొప్ప. నక్షత్రం లేనివి 230. వీటికి కాగితం మీద జవాబు, ఎదురు ప్రశ్న లేదు. అడగాలంటే పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. ఇచ్చినా ఎవరి ప్రశ్న వస్తుందో లాటరీ తేలుస్తుంది. చీటీల పాట నడిపే పిన్నికి ఇందులో అర్థంకానిదేమీ లేదు. "చీటీ తగల్లేదంటావు" అంది.

ప్రశ్నకు నియమాలున్నాయి. నూట యాభై మాటలు దాటకూడదు. వాదన ఉండకూడదు. వ్యంగ్యం ఉండకూడదు. నిందలు, ఊహలు, విశేషణాలు పనికిరావు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. "ఇలా జరిగితే ఏం చేస్తారు" అని జరగనిదాని గురించి అడగకూడదు. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, పిన్నీ ఇప్పుడు అడుగు, నేను టైపు చేస్తాను అన్నాను.

"ఆడి పిల్లడైతే పంపుతాడేటి?"

"అది ఊహ పిన్నీ. కుదరదు."

"కళ్ళు మూసుకుని స్టాంపు గుద్దీసినోడికి జీతం దండగ కాదేటి?"

"అది నింద."

"మరైతే మారాజులు, ఆళ్ళకేటి తెలుస్తాది పాపం..."

"అది వ్యంగ్యం."

పిన్ని కాసేపు నా మొహం చూసి, "అయితే నాకు మాటే రాదన్నమాట" అని పాల ప్యాకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

చివరికి నేనే రాశాను. అర్జీలు రాయడం నా పనే కదా, పేజీకి ముప్ఫై. ఒక ఎంపీగారి ఆఫీసుకి తీసుకెళ్తే అక్కడ పీఏ కుర్రాడు చదివి, "బాగుందండీ, కానీ ఇది హోం శాఖకా, విదేశాంగ శాఖకా?" అన్నాడు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు. హోం అయితే మంగళవారం. విదేశాంగం అయితే శుక్రవారం. ఒక ప్రశ్న ఒకే మంత్రికి.

ఇంటికొచ్చి ఏడో షెడ్యూలు తెరిచాను. రాష్ట్ర జాబితాలో రెండోది పోలీసు. కేంద్ర జాబితాలో పందొమ్మిదోది దేశంలోకి రావడం, దేశం నుంచి వలస వెళ్ళడం, పాస్‌పోర్టులు, వీసాలు. అంటే మావాడు మోసపోయినంత వరకు రాష్ట్రం పిల్లాడు, విమానం ఎక్కగానే కేంద్రం పిల్లాడు. కేంద్రంలో మళ్ళీ పంపకం. పాస్‌పోర్ట్ ఇచ్చేది విదేశాంగ శాఖ. ఎయిర్‌పోర్ట్‌లో దాని మీద ముద్ర వేసే ఇమిగ్రేషన్ బ్యూరో హోం శాఖది. కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో మన ఎంబసీ మళ్ళీ విదేశాంగ శాఖది. సిమ్ కార్డులది ఇంకో శాఖ. మంగళవారం అడిగితే పోలీసు రాష్ట్రానిది అంటారు. శుక్రవారం అడిగితే ఎంబసీ అప్రమత్తంగా ఉంది, హెచ్చరికలు జారీ చేశాం, రిజిస్టరైన ఏజెంట్ల ద్వారానే వెళ్ళాలి అంటారు. రెండూ సరైన జవాబులే. రెంటికీ మధ్య బుధ, గురువారాల్లో పడిపోయింది మావాడు.

ఇంకొకటి అప్పుడే తెలిసింది, ఇన్నేళ్ళు పాస్‌పోర్ట్ ఫారాలు నింపుతూ కూడా నేను పట్టించుకోనిది. ఫారంలో ఈసీఆర్ అని, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాలా వద్దా అని, ఒక గడి ఉంటుంది. పది పాసైతే "నాన్ ఈసీఆర్" టిక్ పెట్టేస్తాం, అదేదో డిస్టింక్షన్ అయినట్టు సంతోషిస్తారు జనం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసవ్వనివాళ్ళు పనికోసం వెళ్తుంటే పద్దెనిమిది దేశాలకు ముందస్తు అనుమతి కావాలి. గల్ఫ్ దేశాలు అందులో ఉన్నాయి. ఆ జాబితాలో కంబోడియా లేదు. మావాడు డిగ్రీ. అంటే కువైట్‌లో వంటపనికి వెళ్ళే ఆవిడ కాగితాలు ఒకరు చూస్తారు, డేటా ఎంట్రీకి వెళ్ళే గ్రాడ్యుయేట్‌వి ఎవరూ చూడరు. చదువుకున్నవాడు మోసపోడని చట్టానికి నమ్మకం. పైగా టూరిస్టు, కాబట్టి లెక్క ప్రకారం పనికే వెళ్ళడం లేదు. రిజిస్టరైన ఏజెంట్ తీసుకోదగ్గ ఫీజు ముప్ఫై వేలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగినప్పుడే తెలియాలి. తెలియాల్సింది ఎవరికి అంటే, పిన్నికా? నాకు తెలియాలి. రోజూ ఆ సైట్లలో ఉండేది నేను.

2025లో విదేశీయుల మీద కొత్త చట్టం చేశారు. ఇమిగ్రేషన్, ఫారినర్స్ చట్టం, సెప్టెంబరు ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టాలు నాలుగు కలిపేశారు. లోక్‌సభ చర్చలో అమిత్ షా దేశం ధర్మసత్రం కాదన్నారు. ఆ రోజంతా టీవీలో అదే. వచ్చేవాళ్ళ గురించి సభలో ఎప్పుడూ వేడి ఉంటుంది. మా షాపులో ప్రింటు తీసుకుని వెళ్ళేవాళ్ళ గురించి ఆ వేడి నేనింకా చూడలేదు. అక్టోబరులో 1983 చట్టం స్థానంలో తేవాలనుకున్న బిల్లు ముసాయిదా పెట్టి అభిప్రాయాలడిగారు. టూరిస్టుగా వెళ్ళి పనిలో దిగేవాడి గురించి ఏముందా అని రెండు రాత్రులు చదివాను. ఆ ఇంగ్లీషు గురించి ఇంకోసారి రాస్తాను.

అబ్బాయి ఇప్పుడు అప్పుడప్పుడు షాపులో సాయం చేస్తున్నాడు. బయటకి ఎక్కువ రాడు, మా దగ్గరికి వస్తాడు. ఒకరోజు కస్టమర్ మెయిల్ రాసిపెట్టమంటే, నాకు చేతిలో లామినేషన్ ఉండి, వాణ్ణి కూర్చోమన్నాను. కీబోర్డు మీద వాడి వేళ్ళు చూసి ఆగిపోయాను. వెళ్ళకముందు రెండు వేళ్ళతో వెతుక్కునేవాడు. ఇప్పుడు చూడకుండా కొడుతున్నాడు, గంటకి ఎన్ని లైన్లో లెక్కపెట్టే మనిషి వెనకాల ఉన్నట్టు. "రెస్పెక్టెడ్ సర్" అని ఉండాల్సిన చోట స్క్రీన్ మీద "హాయ్ డియర్" అని పడింది. వెంటనే చెరిపేశాడు. కస్టమర్ చూడలేదు. వాడు లేచి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, టీ తెస్తానక్కా అని వెళ్ళి గంట దాకా రాలేదు. అక్కడ వాడి పేరు ఒక అమ్మాయి పేరట. నాలుగు ఫోన్లు. అంతకంటే నేను అడగలేదు.

నిన్న ప్రశ్న మళ్ళీ రాశాను. పీఏ కుర్రాడు ఫోన్ చేసి, రెండు ప్రశ్నలుగా విడగొట్టండి, ఒకటి మంగళవారానికి, ఒకటి శుక్రవారానికి, రెండు చీట్లు వేస్తే ఒకటైనా తగలొచ్చు అన్నాడు. పనికొచ్చే సలహా. మంగళవారానిది ఇలా ఉంది: (ఎ) గత మూడేళ్ళలో టూరిస్ట్ వీసా మీద కంబోడియా వెళ్ళి గడువు తీరినా తిరిగి రానివారెందరు, (బి) వారిలో ఆంధ్రప్రదేశ్ వారెందరు, (సి) తిరుగు టికెట్, బస వివరాలు బయల్దేరేచోట ఎవరు చూస్తారు, (డి) ఉపాధి కోసం అక్కడికి వెళ్ళి తిరిగి వచ్చినవారిని బాధితులుగా నమోదు చేస్తున్నారా, నిందితులుగానా. మాటలు లెక్కపెట్టాను, హద్దులోనే ఉన్నాయి. ఇంగ్లీషులోకి మార్చేసరికి ఎన్నవుతాయో ఆ కుర్రాడి తిప్పలు.

మావాడు నా భుజం మీంచి స్క్రీన్ చదివాడు.

"అక్కా, డి లో తప్పుంది."

"ఏముంది?"

"వెళ్ళి అని రాశావు. అమ్ముడై అని రాయి."

అలా రాస్తే నిందో ఊహో అని కొట్టేస్తారేమోరా అనబోయి ఊరుకున్నాను. "వెళ్ళి" తీసేసి "అమ్ముడై" పెట్టాను. ఒక మాట పోయింది, ఒక మాట వచ్చింది. లెక్క మారలేదు. ప్రింటు తీశాను, రెండు కాపీలు.