లివింగ్ విల్ రాసుకోవడం ఇప్పుడు తేలికైంది

2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం ఆర్టికల్ 21లో ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అని చెప్పి లివింగ్ విల్‌కి ఓకే అంది, అంటే ఇక కోలుకునే ఆశ లేనప్పుడు నాకు వెంటిలేటర్ పెట్టొద్దు అని బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చన్నమాట. కాకపోతే దాని మీద జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, మామూలు జనం ఎవరు తిరుగుతారండీ కోర్టు చుట్టూ? 2023లో అది తీసేసి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలన్నారు, నాకైతే అసలు తీర్పు కన్నా ఈ మార్పే పెద్దదనిపిస్తుంది. మా ఇంట్లో ఈ మాట ఎత్తితే అపశకునం అంటారు, అయినా నేను ఎత్తుతూనే ఉంటాను. ఆస్తి కోసం ఎవరైనా వెంటిలేటర్ తీయించేస్తారేమో అని భయపడేవాళ్లకి ఒక్కమాట, రెండు మెడికల్ బోర్డులు చూసి ఒప్పుకోవాలి, అంత ఈజీ కాదు. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం ఇప్పటికీ నేరమే.