మన గోదావరి దాకా హరప్పా వచ్చిందా?

పెద్దపల్లి, కరీంనగర్ వైపు పొలంలో తెల్లగీతల ఎర్రపూస ఒకటి కనబడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో అది హరప్పా అయిపోతుంది. అంత తొందర వద్దు. కార్నీలియన్ అనే ఎర్రరాతిమీద క్షారంతో గీసి కాల్చి తెల్లగీత తెప్పించే పని హరప్పాతో ఆగిపోలేదు. దక్షిణాదిన రాకాసి గుళ్ల (పెద్దపెద్ద రాళ్లతో కట్టిన సమాధుల) కాలం సమాధుల్లోనూ అలాంటి పూసలు దొరికాయి. పైగా పూస చేతులు మారుతూ ఎంత దూరమైనా పోతుంది. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూర్‌లో రోమన్ నాణేలు దొరికాయని అక్కడ రోమ్ పాలన ఉందంటామా?

తూకంరాయి అంతకంటే గట్టి సాక్ష్యం. హరప్పావాళ్లవి ఎక్కువగా చెర్ట్ అనే గట్టిరాతి ఘనాలు. చిన్నది సుమారు 0.86 గ్రాములు, 2, 4, 8 రెట్లు పెరుగుతూ 16 రెట్ల దగ్గర 13.7 గ్రాములకు వస్తుంది. బహ్రెయిన్‌లోనూ ఈ కొలతే నడిచిందంటే, సరుకుతోపాటు బేరం చేసే పద్ధతి కూడా అక్కడికి చేరిందన్నమాట. అంచు చిట్లిన రాయిని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు.

ఇటుకను ఎవరూ అంత దూరం మోసుకుపోరు. మందం, వెడల్పు, పొడవు 1:2:4. ఇళ్లకు 7×14×28 సెం.మీ., ప్రాకారాలకు 10×20×40. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: 28లో ఒక సెంటీమీటరు అరిగినా పెద్దగా తేడా రాదు, 7లో అరిగితే నిష్పత్తే మారిపోతుంది. అందుకే గోడలో ఇంకా కదలకుండా ఉన్నవాటినే, అదీ చాలావాటిని కొలిచి సగటు తీయాలి. బయట పడి ఉన్నవి తర్వాతివాళ్లు పీకి తెచ్చుకున్నవి కావచ్చు.

ఉత్తరాన అఫ్గానిస్తాన్‌లో, అమూ దర్యా నది దగ్గరి షోర్టుగాయిలో పూసలే కాదు, ఖడ్గమృగం ముద్ర, సాగు కాలువ కూడా దొరికాయి. అది హరప్పా మనుషులు వెళ్లి నిలిచిన ఊరే.

దక్షిణాన మనకు దగ్గరిది దైమాబాద్. గోదావరిలో కలిసే ప్రవర ఒడ్డున, మహారాష్ట్రలో ఉంది. అందరికీ తెలిసినవి 1974లో బయటపడ్డ నాలుగు కంచు బొమ్మలు: ఎడ్లబండి, ఏనుగు, ఖడ్గమృగం, గేదె. అన్నీ కలిపి 60 కిలోల పైనే. కానీ అవి తవ్వకం గుంతలోంచి రాలేదు, చెట్టు వేళ్లు తవ్వుతుంటే దొరికాయి. ఏ పొరవో తెలియక కాలం మీద వాదన ఇప్పటికీ తెగలేదు. లోహంలో ఆర్సెనిక్ ఎక్కువుందని పురావస్తు శాస్త్రవేత్త డి.పి. అగ్రవాల్ అవి హరప్పావేనా అనే అనుమానపడ్డారు. నన్నడిగితే, 1975-79లో ఎస్.ఎ. సాలి తవ్వకాల్లో వచ్చిన రెండు గుండీల్లాంటి మట్టి ముద్రలు, వాటి మీది హరప్పా లిపి, పొడవు, వెడల్పు, మందం 4:2:1 కొలత పచ్చి ఇటుకలు పేర్చిన సమాధి, ఇవే అసలు రుజువు. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండవు.

అదే గోదావరి దిగువన ఉన్న కోటిలింగాల అనే శాతవాహనుల కాలపు నగరం దైమాబాద్ హరప్పా పొరకు 1,500 ఏళ్లకు పైగా తర్వాతిది. దాన్ని హరప్పాకు ముడిపెట్టడం కుదరదు.

ఇకముందు పూసో ఇటుకో కనబడితే పీకకండి, కడగకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. నేల మట్టం నుంచి ఎంత లోతులో ఉంది, మట్టి రంగేంటి, పక్కన ఏ పెంకులున్నాయి రాసుకుని పురావస్తు శాఖకు చెప్పండి.