గోదాములో 286 బస్తాలు

రివర్స్ చార్జ్ అనే మాట శ్రీకాకుళం జిల్లాలోని మా కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు గాని, అది నా మెడకు చుట్టుకుంటుందని 2024 నవంబరులో నోటీసు వచ్చే దాకా అనుకోలేదు. రైతుకు జీఎస్టీ లేదు కనుక రైతు దగ్గర కొన్న పిక్కల మీద పన్నే లేదనుకుని నేను స్థిమితంగా ఉన్నాను. చట్టం చెప్పేది వేరు. పెంకు తీయని జీడిపిక్కలను రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి రైతు నుంచి కొంటే, రైతుకు బదులుగా ఆ వ్యాపారే 5 శాతం పన్నును నగదు రూపంలో కట్టి, ఆ తర్వాత పప్పు అమ్మకం మీద కట్టవలసిన పన్నులో దానిని మినహాయించుకోవాలి. అంటే సకాలంలో కట్టి ఉంటే చాలామటుకు తిరిగి నా చేతికే వచ్చే డబ్బు అది. వజ్రపుకొత్తూరు, మందస మండలాల రైతుల దగ్గర 2020-21లో నేను కొన్న 84 లక్షల రూపాయల పిక్కల మీద ఆ పని చేయలేదు. అలా పోయిన మినహాయింపును (క్రెడిట్) తిరిగి రాబట్టుకోవడం వేరే వ్యవహారం కాబట్టి దాని జోలికి ఇక్కడ పోను.

2025 ఫిబ్రవరిలో బాకీ ఎంతో తేల్చే డీఆర్‌సీ-07 అనే జీఎస్టీ ఫారంలో ఆర్డరు వచ్చింది. పన్ను 4,20,000, ఏడాదికి 18 శాతం చొప్పున ఇన్నేళ్ల వడ్డీ సుమారు 3,50,000, పన్నులో పదో వంతు జరిమానా 42,000, చిల్లర వదిలేస్తే మొత్తం 8,12,000 రూపాయలు. మూడు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు, దానికి వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందుగా కట్టాలి. కొన్న మాట నిజం, కట్టని మాట నిజం అయినప్పుడు అప్పీలులో వాదించడానికి నాకేమీ మిగలలేదు. ఆ మూడు నెలలు దాటితే వసూలు మొదలవుతుంది. బ్యాంకుకు డీఆర్‌సీ-13 నోటీసు వెళ్లి ఖాతాలోని డబ్బు నేరుగా ప్రభుత్వానికి పోవడం మా వీధిలోనే ఒకరి విషయంలో చూశాను. ఆయన ఇచ్చిన కూలి చెక్కులు ఆ వారమే తిరిగి వచ్చాయి.

వాయిదాల దారి ఒకటుందని మా ఆడిటర్ గారు చెప్పారు. జీఎస్టీ చట్టం 80వ సెక్షను, 158వ రూలు ప్రకారం డీఆర్‌సీ-20లో దరఖాస్తు పెట్టుకుంటే గరిష్ఠంగా 24 నెలసరి వాయిదాలు ఇవ్వవచ్చు. వడ్డీ మాత్రం ఆగదు. ఒక్క వాయిదా తప్పినా మిగిలిన మొత్తమంతా అప్పటికప్పుడు కట్టవలసి వస్తుంది. బాకీ 25 వేల లోపు ఉన్నా, చట్టం కింద కట్టవలసినది ఎగవేసి వసూలు ప్రక్రియ నడుస్తున్నా ఈ సౌకర్యం దొరకదు. రిటర్నులో మనమే ఒప్పుకున్న పన్నుకు ఇది వర్తించదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. అందుచేత మూడు నెలలు పూర్తి కాకముందే వెళ్లాలని ఆయన తొందరపెట్టారు.

దరఖాస్తు ఫారం చూస్తే కొద్ది గళ్ల కాగితం. డిమాండు నంబరు, కాలం, మొత్తం, ఎన్ని వాయిదాలు కావాలి, ఎందుకు కావాలి, అంతే. అసలు బరువంతా ఆ చివరి గడిలో ఉంది. దరఖాస్తుదారు ఆర్థిక స్థితి మీద స్థానిక అధికారి నుంచి నివేదిక తెప్పించుకున్న తర్వాతనే పైఅధికారి నిర్ణయం తీసుకుంటారు. కాబట్టి 'ప్రస్తుతం ఇబ్బందుల్లో ఉన్నాను' అని రాసి ఊరుకుంటే ఆ నివేదికలో రాయడానికి ఆయనకేమీ ఉండదు. నేను మొదట రాసుకెళ్లింది సరిగ్గా ఆ వాక్యమే. ఆడిటర్ గారు చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "బావూ, ఇది కష్టం చెప్పుకున్నట్టుంది గాని లెక్క చెప్పినట్టు లేదు. నెలకెంత వస్తుంది, ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది, మీ ఆస్తేమిటి, అప్పేమిటి, అది రాసి పట్రండి" అన్నారు.

ఇరవై రెండేళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ని, ఈ అయిదు ప్రశ్నలకు జవాబు ఒక పూటలో రాయగలననుకున్నాను. పదకొండు రోజులు పట్టింది.

మొదటి చిక్కు సరుకు దగ్గరే వచ్చింది. మాకు బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా, అంటే సరుకు హామీ మీద అప్పు వాడుకునే ఖాతా ఉంది. దానికోసం ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. సరుకు విలువలో మార్జిను, అంటే మన సొంత వంతు తీసేయగా మిగిలినంత వరకే ఖాతాలో డబ్బు వాడుకోనిస్తారు, దానినే డ్రాయింగ్ పవర్ అంటారు. ఏప్రిల్ నెలాఖరు స్టేట్‌మెంటులో నేను రాసిన అంకె 340 బస్తాలు. మే మొదటి ఆదివారం సాయంత్రం కూలీలు వెళ్లిపోయాక నేనూ మా ఆవిడా గోదాములోకి వెళ్లి లెక్కపెట్టాము. మా గోదాములో బస్తాలు అయిదేసి చొప్పున అడ్డంగా పేర్చి ఉంటాయి, ఒక్కోటి 80 కేజీలు. పిక్కల వాసన, గోనె దుమ్ము గొంతుకు అడ్డంపడుతుంటే ఒక్కో వరుసకు ఆవిడ సుద్దముక్కతో గోడ మీద గీత గీస్తూ వచ్చింది. వెనక వరుసల్లో రెండు చోట్ల బస్తాలున్నట్టు కనబడింది గాని, టార్చి వేసి చూస్తే అవి ఖాళీ గోనెలు మడిచి పెట్టినవి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాము. రెండుసార్లూ 286 వచ్చింది.

ఆ 54 బస్తాలు ఎవరూ ఎత్తుకుపోలేదు. డ్రాయింగ్ పవర్ తగ్గకుండా ఉండడానికి రెండేళ్ల నుంచి నెలకింత చొప్పున నేనే కాగితం మీద పెంచుకుంటూ వచ్చిన బస్తాలవి. ఇలాంటివి వ్యాపారంలో మామూలే అని నాకు నేను చెప్పుకుంటూ ఉండేవాణ్ని. ఇప్పుడు పన్ను అధికారికి 286 అని రాస్తే బ్యాంకు కాగితం అబద్ధమవుతుంది, 340 అని రాస్తే లేని ఆస్తిని చూపించి వాయిదాలు ఎందుకని అడిగించుకున్నట్టవుతుంది. ఆడిటర్ గారు రెండో ఆలోచనే చేయలేదు. ముందు బ్యాంకుకు వెళ్లి సరిచేసిన స్టేట్‌మెంటు ఇవ్వమన్నారు. ఇచ్చాను. మేనేజరు చాలాసేపు మాట్లాడలేదు. ఖాతాలో పరిమితికి మించి తేలిన రెండు లక్షల చిల్లరను మూడు నెలల్లో సర్దమని ఉత్తరం రాయించుకున్నారు. ఆ సీజనులో కొనదలచిన పిక్కల్లో కొంత మానుకుని ఆ ఖాతాను దారికి తెచ్చాను.

రెండో చిక్కు ఇంటిది. మాది సొంత పేరు మీద నడిచే సంస్థ కనుక చట్టం దృష్టిలో నేను వేరు, వ్యాపారం వేరు కాదు. అయితే నా పుస్తకాల్లో ఆ కలగలుపు ఇంకా అన్యాయంగా ఉంది. విశాఖపట్నంలో చదువుతున్న మా అమ్మాయి హాస్టలు ఫీజు ప్రయాణ ఖర్చుల్లో ఉంది. మా నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లే కారు బాడుగ రవాణా ఖర్చుల్లో ఉంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఈ రెండో ఖర్చు ఉన్న ఇళ్లు ఎన్నో కాబట్టి దానికి సిగ్గుపడలేదు గాని, అది వ్యాపార ఖర్చు మాత్రం కాదు. అన్నిటినీ విడదీసి ఇంటి ఖర్చు అనే వేరే వరుసలో పెట్టాము. మా ఆవిడ పన్నెండు తులాల బంగారం తాకట్టులో ఉంది, ఆ డబ్బు వ్యాపారంలో ఉంది. "నా గాజులు కూడా ఆఫీసరు గారి కాగితంలో రాయాలేటి?" అని ఆవిడ అడిగింది. బంగారం ఆవిడదే, అది నా ఆస్తుల్లోకి రాదు. అయితే ఆ అప్పు మీద నెలనెలా కడుతున్న వడ్డీ నా ఖర్చుల్లో కనబడుతున్నప్పుడు ఆ అప్పు ఏమిటో చెప్పక తప్పదు. గాజుల మాట లేకుండా అప్పు, వడ్డీ మాత్రం రాశాము.

నాకు అన్నిటికంటె భయం కలిగించినది మా బామ్మర్ది దగ్గర 2022లో నగదుగా తీసుకున్న లక్ష రూపాయల చేబదులు. అప్పటికి అమలులో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 269ఎస్ఎస్ సెక్షను ప్రకారం 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. సహేతుకమైన కారణం చూపించి మినహాయింపు కోరే వీలు 273బి సెక్షనులో ఉందని ఆడిటర్ గారు చెప్పారు గాని, రాయమనీ అనలేదు, మానమనీ అనలేదు. నెలకు వెయ్యి రూపాయల వడ్డీ వెళ్తున్నట్టు ఖాతాలో కనబడుతూనే ఉంది. దాచి, ఆ వెయ్యి ఏమిటని అడిగినప్పుడు నీళ్లు నమలడం కంటె రాయడమే నయమనిపించి రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నది కూడా నిజమే.

రావలసిన బాకీల జాబితా పదకొండు లక్షలని నా పుస్తకం చెప్పింది. ఒక్కొక్క పేరు ఎదుట చివరిసారి డబ్బు వచ్చిన తేదీ రాసుకుంటూ పోతే అందులో నాలుగు లక్షల మేర మూడేళ్లుగా కదలనివి. ఒకాయన దుకాణమే ఎత్తేశాడు. బరంపురం వ్యాపారి ఒకరు మాత్రం ఫోను చేయగానే 1,12,000 పంపారు. ఈ పని ఏ పన్నూ అడగకముందే చేసి ఉండవలసింది. ఆ సొమ్మును అలాగే దరఖాస్తుకు ముందే బాకీలో కట్టి, మిగిలిన ఏడు లక్షలకు 24 వాయిదాలు అడిగాము.

ఇక నెలవారీ లెక్క. సగటు తీసి ఒక్క అంకె రాద్దామంటే ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. పన్నెండు నెలలకు పన్నెండు నిలువు గళ్లు గీయించారు. మార్చి నుంచి జూను వరకు పిక్కలు కొనే కాలం, ఏడాదికి సరిపడా సరుకు అప్పుడే తీసుకోవాలి, ఆ నెలల్లో మిగులు మాట అటుంచి బ్యాంకు అప్పు తారస్థాయిలో ఉంటుంది. దసరా, దీపావళి, సంక్రాంతి ముందు పప్పు డబ్బాలు కదులుతాయి. పప్పు ఒలిచే ఆడవాళ్ల కూలి, బాయిలరు, కరెంటు, బ్యాంకు వడ్డీ, ఇంటి ఖర్చు పోను ఏడాదికి 4,90,000 మిగులుతుందని తేలింది. నెలకు పంచితే 41 వేల లోపు. ఆ అంకె చూసి నాకు కొంత అవమానంగా కూడా అనిపించింది, ఎందుకంటే ఊళ్లో నా గురించి అనుకునేదీ, నేను అనుకోనిచ్చేదీ దానికి రెండింతలు.

అధికారి మే చివరి వారంలో వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. గోడ మీది సుద్దగీతలు చూసి అవేమిటని అడిగారు, చెప్పాను. అప్పుడు తానే రెండు వరుసలు లెక్కపెట్టి, "ఇంత సరుకు పెట్టుకుని డబ్బు లేదంటారేమిటి?" అన్నారు. ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. ఈ సరుకు బ్యాంకుకు హామీగా ఉందనీ, ఒక బస్తా పిక్కలనుంచి ఇరవై కేజీల అటూ ఇటూ పప్పే వస్తుందనీ, ఇప్పుడు పిక్కలను పిక్కలుగానే అమ్మేస్తే దసరా నాటికి బట్టీ ఆగిపోయి ఆ తర్వాత వాయిదా కట్టే దారే ఉండదనీ, పన్నెండు గళ్ల కాగితం చూపిస్తూ చెప్పాను. మందస దగ్గర నా పేరున ఉన్న రెండెకరాల జీడితోట గురించి కూడా ఆయనే అడిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులో అందులో చాలా చెట్లు కూలిపోయాయి, తిరిగి వేసినవి ఇంకా పూర్తి కాపుకు రాలేదు. పాసుపుస్తకం నకలు దరఖాస్తుకు అప్పటికే జతచేసి ఉండడం చూసి ఆయన తల ఊపారు. బామ్మర్ది అప్పు దగ్గర పెన్ను ఒక క్షణం ఆగింది, ఏమీ అనలేదు.

జూను చివర డీఆర్‌సీ-21 ఆర్డరు వచ్చింది. 24 అడిగితే 20 ఇచ్చారు. అంటే నెలకు 35 వేలు, దానిమీద నడిచే వడ్డీ అదనం. మిగులు 41 వేలని నేనే రాసి ఇచ్చాను కాబట్టి నాలుగు వాయిదాలు తగ్గించారని కొందరు మిత్రులు నన్ను వెర్రివాణ్ని చేశారు. 30 వేలని రాసి ఉంటే 24 వచ్చేవేమో. కాని ఆ 30 వేలను చూపించడానికి పన్నెండు గళ్లలో ఎక్కడో ఒకచోట లేని ఖర్చును పుట్టించాలి, ఆ ఖర్చుకు బిల్లు పుట్టించాలి, మళ్లీ అది బ్యాంకు ఖాతాతో కలవాలి. 54 బస్తాలను మోసి మోసి అప్పటికే అలసిపోయి ఉన్నాను.

ఇది రాసే నాటికి ఏడు వాయిదాలు కట్టాను. తొమ్మిదో వాయిదా మార్చిలో, పిక్కలు మార్కెట్టుకు వచ్చే వేళకు పడుతుంది. నాకు భయమున్నది ఆ మార్చి నుంచి జూను వరకు నాలుగు నెలలకే. అందుకని దీపావళి అమ్మకాల్లోంచి 70 వేలు, సంక్రాంతి అమ్మకాల్లోంచి మరో 70 వేలు తీసి వేరే ఖాతాలో వేశాము. ఆ పాసుపుస్తకం మా ఆవిడ దగ్గర ఉంటుంది. పోయిన వారం ఒక రైతు మంచి ధరకు పాత పిక్కలు ఇస్తానంటే ఇరవై వేలు ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు.