ఆయిల్ శాంపిల్ దగ్గర పోయిన పరువు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా మెషిన్ ఆయిల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే మూడో ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చింది. 17/15/12. ఈ మూడు అంకెల కోసం రెండు నెలలు నలిగిపోయాను. మర్చిపోకముందే రాసిపెడుతున్నాను.

జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. వానలు మొదలైన కొత్తలో ఒక మెషిన్ హైడ్రాలిక్ పంపు, అంటే ఆయిల్‌ను ఒత్తిడితో తోసే పంపు, అరవసాగింది. వారం తిరక్కుండా ప్రెషర్ పడిపోయింది. పంపు ఇంకా వారంటీలోనే ఉంది. కంపెనీవాళ్లు ఆయిల్ రిపోర్టు అడిగారు. ల్యాబ్ వెతకడం, ఫీజు కట్టడం, కొరియర్ చేయడం ఒక్క పూటలో అయిపోయాయి.

దెబ్బ తిన్నది శాంపిల్ దగ్గర. మెషిన్ ఆగి ఉంది. ఖాళీ మంచినీళ్ల బాటిల్ కడిగి, ట్యాంకు అడుగున డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి, మొదట వచ్చిన ఆయిలే పట్టాను. సగం ల్యాబ్‌కు పంపి, సగం దగ్గర ఉంచుకున్నాను. రిపోర్టులో 24/22/19 వచ్చింది, నీళ్లు 900 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 900. ఆ మూడు అంకెలది ఐఎస్ఓ 4406 కోడ్, ఆయిల్‌లో మురికి చెప్పే అంతర్జాతీయ ప్రమాణం. ఒక మిల్లీలీటరు ఆయిల్‌లో 4, 6, 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకు పైబడిన రేణువులు ఎన్నున్నాయో వరసగా చెబుతుంది. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపు. మా పంపుకు 18/16/13 దాటకూడదు.

పంపు కంపెనీ సర్వీస్ ఇంజనీరు వచ్చాడు. ఓనర్ గారు, ఇద్దరు ఆపరేటర్లు పక్కనే ఉన్నారు. నా దగ్గరున్న బాటిల్ తీసి వెలుతురుకు పట్టాడు. అడుగున ఒక నీటి చుక్క పూసలా అటూ ఇటూ దొర్లింది.

"ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారండీ ఈ పని?"

"పదకొండేళ్లు సర్."

"పదకొండేళ్లూ ఆయిల్‌ను ఇలాగే చూసుకున్నారా?"

ఆ చుక్క మెషిన్‌దో, నేను కడిగిన బాటిల్‌దో నేనే చెప్పలేకపోయాను. ఓనర్ గారు ఒక్క మాట కూడా అనకుండా క్యాబిన్‌లోకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ తెలిసినవాడు నలుగురిలో పరువు తీస్తే, అవతలివాడు మరోసారి తప్పు దాచడం నేర్చుకుంటాడు తప్ప పని నేర్చుకోడు.

పని నేర్పింది ల్యాబ్‌లోని ఒక పెద్దాయన. ఫోన్‌లోనే అరగంట చెప్పారు. పాత పంపు బాగు చేయించి ఎక్కించాక, ఆయన చెప్పినట్టే చేశాను. మెషిన్ అరగంట నడిచి ఆయిల్ వేడెక్కాలి. ఆయిల్ కదులుతుండగా, రిటర్న్ లైన్‌లో, అంటే ఆయిల్ ట్యాంకుకు తిరిగొచ్చే పైపులో, ఫిల్టర్‌కు ముందున్న టెస్ట్ పాయింట్ నుంచి శాంపిల్ పట్టాలి. ముందు ఆ పాయింట్‌ను శుభ్రంగా తుడిచి, అర లీటరు బయటకు వదిలేయాలి. ల్యాబ్ పంపిన బాటిల్ మూత ఆఖరి క్షణంలోనే తీయాలి, నింపగానే బిగించాలి.

అదే ట్యాంకు, అదే ఆయిల్. ఈసారి 21/19/16. నీళ్లు 310. ఆయిల్ చిక్కదనం 66 సెంటీస్టోక్స్, మేం వాడే 68 గ్రేడు ఆయిల్‌కు 61.2 నుంచి 74.8 దాకా ఉండొచ్చు కాబట్టి ఆ గొడవ లేదు. మొదటి రిపోర్టుతో పోలిస్తే రేణువులు ఒక్కో సైజులో ఎనిమిది రెట్లు తక్కువ. అయినా పంపుకు ఎక్కువే, వారంటీ రాలేదు.

"కొత్త బ్యారెల్ కూడా చూడు బాబూ" అన్నారు పెద్దాయన. కొత్త ఆయిల్‌కు టెస్టేంటని డీలర్ కసురుకున్నాడు. అతని మాట వినలేదు. 22/20/17! మెషిన్‌లో ఉన్నదానికంటే కొత్తదే మురికి. నీళ్లూ తేలాయి. బ్యారెల్‌ను యార్డులో నిలబెట్టి ఉంచాం, వాన నీళ్లు దాని పైభాగంలో మూతల చుట్టూ నిలిచాయి. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే మూతల మరచుట్ల సందుల్లోంచి ఆ నీళ్లను లోపలికి లాగుతుంది. సీల్ చెక్కుచెదరలేదు కదా అని ధైర్యంగా ఉండకండి.

ఇప్పుడు బ్యారెళ్లు షెడ్డులో పడుకోబెట్టి ఉన్నాయి, గడియారంలో మూడు, తొమ్మిది ఉన్న చోట్లకు రెండు మూతలూ వచ్చేలా. ఆయిల్ వడకట్టే ఫిల్టర్ ట్రాలీ గుండా తప్ప ట్యాంకులోకి చుక్క పోయనివ్వను. డీలర్‌ను మార్పించాను.

నిన్న 17/15/12 రిపోర్టు రాగానే మొదట పెద్దాయనకే ఫోన్ చేశాను. "మరి రెండో మెషిన్ శాంపిల్ ఎప్పుడు?" అన్నారు. సోమవారం పంపిస్తానన్నాను.