మా పాసు మీద ఎవరిదో కారు నంబరు

నిన్న రాత్రి పదకొండు దాటాక అనంతపురం చేరాం. బ్యాగులు ఇంకా హాల్లోనే పడున్నాయి. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. ఈ వేసవి సెలవుల్లో మన వైపు నుంచి కార్లేసుకుని ఊటీ వెళ్లేవాళ్లు బోలెడంతమంది. ఊటీ ఈ-పాస్ విషయంలో మాకు జరిగింది వాళ్లలో ఒక్కరికి కూడా జరగకూడదు.

కారు నాది, నడిపేది నేను. మా ఆయన పక్క సీటు. వెనక అత్తయ్య, పెద్దోడు, పాప. పొద్దున ఐదున్నరకి బయల్దేరితే పెనుకొండ, బాగేపల్లి, దేవనహళ్లి చకచకా దాటిపోయాయి. బెంగళూరు మామూలే, గంటన్నర తినేసింది. మైసూరు హైవే గురించి చెప్పడానికేం లేదు, 119 కిలోమీటర్లు కళ్లు మూసి తెరిచినంతలో అయిపోయింది. ఆ రాత్రికి మైసూరులో మా పిన్ని కూతురింట్లో ఉన్నాం.

ఇక పాసు సంగతి. ఊటీ ఉన్న నీలగిరులకి, కొడైకెనాల్‌కి బయటి బళ్లు వెళ్లాలంటే మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి ఈ-పాస్ తీసుకోవాల్సిందే. మొదట్లో ఎవరడిగితే వాళ్లకి ఇచ్చేవాళ్లు. 2025 ఏప్రిల్ నుంచి సీజన్‌లో రోజుకి ఇన్ని బళ్లేనని లెక్క కూడా పెట్టారు. నీలగిరులకి మామూలు రోజుల్లో 6,000 బళ్లు, శని ఆదివారాల్లో 8,000. కొడైకెనాల్‌కి 4,000, 6,000. ప్రభుత్వ బస్సులకీ అక్కడి స్థానికుల బళ్లకీ ఈ పాసు అక్కర్లేదు. తీసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫోన్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది. బండి నంబరు, ఎంతమంది, ఏ రోజు వస్తారు, ఏ రోజు పోతారు, ఎక్కడ దిగుతారు, ఇవి నింపితే క్యూఆర్ కోడ్‌తో పాసు చేతికొస్తుంది. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు. గది బుక్ చేసినప్పుడు హోటలతను ఫోన్లో, "పాసు మేమే తీస్తాం మేడమ్, ఆర్సీ ఫోటో పంపండి, ఐదొందలు అవుతుంది" అన్నాడు. ఉచితంగా వచ్చేదానికి ఐదొందలేంటి అని అడగాలని కూడా తోచలేదు. స్కూల్లో పేపర్లు దిద్దే రోజులు, తల తిరిగిపోతోంది. సరే అని పంపేశాను. రెండ్రోజులకి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ఊటీ అని ఉంది, తేదీలు మావే, హోటల్ పేరు అదే, క్యూఆర్ కోడ్ ఉంది. చాలనుకున్నాను.

మర్నాడు సోమవారం. భోజనాలు చేసి మైసూరు వదిలేసరికి పన్నెండున్నర. నంజనగూడు, గుండ్లుపేట. అక్కడ ఒక దారి కేరళకి, ఒకటి ఊటీకి చీలుతుంది. కాసేపటికి బండీపూర్ అడవి. 1973లో పులుల ప్రాజెక్టు మొదలైనప్పుడు దేశంలో మొదట తీసుకున్న అడవుల్లో ఇదొకటి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ రోడ్డు మూసేస్తారు, 2009 నుంచీ అదే నియమం. మాకు పట్టపగలు కాబట్టి బెంగ లేదు. అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు, బండి ఆపకూడదని బోర్డులు. అయినా ఒక పెద్ద కారువాళ్లు ఆపి, అద్దం దించి జింకలకి చిప్స్ విసురుతున్నారు. పిల్లల చేత విసిరిస్తున్నారు! అది చూసి పెద్దోడు, "అమ్మా, మనం కూడా" అన్నాడు. వద్దన్నాను. అడవి జంతువుకి రోడ్డు పక్కన తిండి అలవాటు చేస్తే అది చచ్చేది ఏదో ఒక చక్రం కిందే. ఆ మాట వాడికి ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

రాష్ట్ర సరిహద్దు దాటగానే చెక్‌పోస్టు. వరసలో ఇరవై దాకా బళ్లున్నాయి. మా వంతు వచ్చింది, ఫోన్ చూపించాను. స్కాన్ చేసిన కుర్రాడు ఫోన్ చూశాడు, మా కారు ముందుకెళ్లి నంబరు ప్లేటు చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. "వేర వండి" అన్నాడు. తమిళం నాకు రాదు, కానీ ఆ ముక్క అర్థమైంది. నేను తెల్లమొహం వేసేసరికి కన్నడంలో చెప్పాడు, "ఇదు నిమ్మ గాడి అల్ల," ఇది మీ బండి కాదని. మా అనంతపురం వాళ్లకి కన్నడం చెప్పక్కర్లేదు కదా.

అప్పుడు చదివాను ఆ పాసుని, అక్షరం అక్షరం. బండి నంబరు కర్ణాటకది. మాది పాత ఏపీ 02. ప్రయాణికులు ఏడుగురని ఉంది. మేం ఐదుగురం. ఎవరికో తీసిన పాసు మాకు పంపాడు. మా నంబరుతో తీశాడో లేదో దేవుడికే తెలియాలి. లోపలినుంచి ఇంకో పెద్దాయన వచ్చాడు. "ఇది ఎవరిచ్చారు? ఎంతిచ్చారు?" అని అడిగాడు. ఐదొందలని చెప్పాను. తల అడ్డంగా ఊపి, "ఇది ఫ్రీ అమ్మా" అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. పక్కకి తియ్యమన్నాడు, అంతే.

పక్కకి తియ్యడానికి ముందుకి పోవాలి, వెనక్కి రావాలి, ఆ సందులో నాలుగు బళ్లు జరగాలి. హారన్లు మొదలయ్యాయి. మా వెనక కారులోంచి ఒకతను దిగి, పక్కనున్న మనిషితో, నాకు వినబడేలా, చక్కటి తెలుగులో అన్నాడు: "మనోళ్లు ఎక్కడికెళ్లినా ఇంతే. డబ్బులు పారేసి దొంగ పాసులు తెచ్చుకుంటారు, అందరి పరువూ తీస్తారు."

ఇరవై రెండేళ్లుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. పరీక్షలో చీటీ పెట్టినవాడిని బయటికి పంపించేదాన్ని నేను. నన్ను దొంగ అన్నాడు. నా పిల్లల ముందు, మా అత్తయ్య ముందు. కాలు క్లచ్ మీద వణికింది, బండి రెండుసార్లు ఆగిపోయింది. పాప ఏడుపు అందుకుంది. మా ఆయన జేబులోంచి పర్సు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పని చేస్తే అతనన్న మాట నిజమైపోయేది.

అత్తయ్య మాత్రం తలుపు తీసుకుని దిగింది. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అతని దగ్గరికెళ్లి, "నాయనా, మేము మోసం చేసినోళ్లం కాదు, మోసపోయినోళ్లం. నీకు తెలిస్తే సాయం చెయ్యి, తెలీకపోతే ఊరుకో" అంది. అతను కారెక్కి అద్దం ఎత్తేసుకున్నాడు. ఆవిడ నన్ను వెనకేసుకొచ్చింది పెళ్లయ్యాక ఇది రెండోసారి. మొదటిసారి నేను డ్రైవింగ్ నేర్చుకుంటానన్నప్పుడు.

కొత్త పాసు తీద్దామంటే అక్కడ మా రెండు ఫోన్లలో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఓటీపీ ఎలా వస్తుంది? పెద్దాయన చెప్పాడు, వెనక్కి బండీపూర్ దాకా వెళ్లి తీసుకురండి, ఇవాళ్టి లెక్క అయిపోకపోతే దొరుకుతుంది అని. అప్పటికి మూడుంబావు. వచ్చిన అడవిలో మళ్లీ వెనక్కి. ఆపడానికి లేదు, దిగడానికి లేదు, తొందరపడదామంటే స్పీడ్ బ్రేకర్లు.

ఆ వెనక్కి వెళ్లే దారిలోనే ఏనుగులు కనిపించాయి. ముందు బళ్లు ఆగిపోయాయి, మేమూ ఆగాం. రోడ్డుకి పది గజాల్లో ఒక పెద్దది, దాని కడుపు కింద పిల్లది. పెద్దది తొండంతో గడ్డి చుట్టి పీకి, ముందు కాలికేసి టప్ టప్ మని కొట్టి మట్టి దులిపి, అప్పుడు నోట్లో పెట్టుకుంటోంది. ఒక్కో కట్టకీ అంతే, మూడు దెబ్బలు, నోట్లోకి. వీపు మీద ఎండిన ఎర్రమట్టి పెచ్చులు కట్టి ఉంది. పిల్లది కూడా గడ్డి పీకి కాలికేసి కొట్టబోయింది, గడ్డి జారిపోయింది, మళ్లీ పీకింది. పాప ఏడుపు మానేసింది. కారులో ఒక్కరం మాట్లాడలేదు. రెండు నిమిషాలకి అవి లంటానా పొదల్లోకి వెళ్లిపోయాయి. అంత పెద్ద శరీరాలు, ఒక్క కొమ్మ విరిగిన చప్పుడు లేదు.

బండీపూర్‌లో అటవీశాఖ ఆఫీసు దగ్గర సిగ్నల్ దొరికింది. పేజీ తెరుచుకోవడానికే ఇరవై నిమిషాలు. ఓటీపీ మొదటిసారి ఆలస్యంగా వచ్చి చెల్లకుండా పోయింది, రెండోసారి వచ్చింది. మా ఆయన ఆర్సీ పట్టుకుని నంబరు చదివాడు, నేను కొట్టాను, పెద్దోడు సరిచూశాడు. సోమవారం కాబట్టి బతికాం. శని ఆదివారాలైతే ఆ వేళకి ఏమయ్యేదో. పాసు వచ్చాక స్క్రీన్‌షాట్ తీసి రెండు ఫోన్లలోనూ పెట్టాను. మీరు కూడా అలాగే చెయ్యండి, చెక్‌పోస్టు దగ్గర నెట్ వస్తుందని నమ్మకండి. హోటలువాళ్ల మాట, ట్రావెల్స్‌వాళ్ల మాట అస్సలు నమ్మకండి. ఉచితంగా ఇచ్చేదానికి డబ్బడిగిన వాడు ఇంకేం చెప్పినా వినక్కర్లేదు.

మళ్లీ చెక్‌పోస్టు చేరేసరికి ఐదు. అదే కుర్రాడు. స్కాన్ చేసి నవ్వాడు. అయిపోయిందనుకున్నా, డిక్కీ తెరవమన్నాడు. నీలగిరుల్లోకి చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, క్యారీబ్యాగులు తీసుకెళ్లకూడదు. మేము మైసూరులో అరలీటరు సీసాలు ఒక కేసు కొని పెట్టుకున్నాం! పారబోయడానికి అత్తయ్య ఒప్పుకోలేదు. టిఫిన్ క్యారియర్ గిన్నెలు, స్టీలు చెంబు, పాప ఫ్లాస్కు అన్నీ బయటికి తీసి, రోడ్డు పక్కన నిలబడి ఒక్కో సీసా మూత తిప్పి చుక్క పోకుండా నింపింది. అనంతపురం మనిషి కదా, నీళ్లు నేలపాలు చెయ్యలేదు. మిగిలినవి అక్కడున్న వాళ్లకే ఇచ్చేసింది. ఈ నియమం మీద నాకు ఫిర్యాదు లేదు. ఊటీలో నాలుగు రోజులున్నాం, రోడ్డు పక్కన ఒక్క సీసా కనబడలేదు. మన దగ్గర కొండకి పోయే దారి ఏదైనా చూడండి, నేను చెప్పక్కర్లేదు.

తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. మసినగుడి మీదుగా పోతే దగ్గర, కానీ అది 36 హెయిర్‌పిన్ మలుపుల కల్లట్టి ఘాట్, నిలువుగా ఎక్కాలి. చీకటి పడబోతూ, వెనక పెద్దావిడని పెట్టుకుని ఆ దారి నాకెందుకు? గూడలూరు మీదుగా వెళ్లాను. నడువట్టం దాటేసరికి పూర్తిగా చీకటి, పైగా మంచు. పైకారా సరస్సు చూపిస్తానని పిల్లలకి చెప్పిన మాట పోయింది. తేయాకు తోటలు పోయాయి. హెడ్‌లైట్ల ముందు యూకలిప్టస్ మొదళ్లు మాత్రం తెల్లగా వచ్చిపోతుంటే, అద్దం సందులోంచి ఆ వాసన. 2,240 మీటర్ల ఎత్తుకి ఎనిమిదిన్నరకి చేరాను. ఒక్క మలుపులోనూ బండి వెనక్కి జారనివ్వలేదు. మా ఆయన స్నేహితులు ఇద్దరు ఈ ఘాట్‌లో డ్రైవర్‌ని పెట్టుకున్నారు, అది కూడా ఇక్కడ రాసుకుంటాను.

హోటల్లో ఆ ఫోనతను, "పొరపాటైంది మేడమ్, ఇద్దరు గెస్టుల పాసులు తారుమారయ్యాయి" అన్నాడు. ఐదొందలు ఇవ్వమన్నాను. బిల్లులో తగ్గిస్తానన్నాడు, తగ్గించలేదు. ఖాళీ చేసే రోజు కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు నిలబడి వసూలు చేశాను. ఆ కర్ణాటక వాళ్ల సంగతేంటని అడిగితే జవాబు లేదు. వాళ్లెక్కడ ఆగిపోయారో, వాళ్లతో ఎంత పెద్దవాళ్లున్నారో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఊటీ గురించి అందరూ రాసిందే. బొటానికల్ గార్డెన్ చూశాం. దొడ్డబెట్ట, 2,637 మీటర్లు, మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. టాయ్ ట్రెయిన్ టిక్కెట్లు దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో మాత్రం పొద్దున ఆరున్నరకే దిగడం మొదలుపెట్టాను, పోగొట్టుకున్న దారిని వెలుతుర్లో చూడాలని. పైకారా నీళ్ల మీద పొగలా మంచు లేస్తోంది. నడువట్టం దగ్గర మబ్బు మాకంటే కిందుంది, దాని అంచులోంచి తేయాకు వరసలు ఒక్కొక్కటీ బయటపడుతున్నాయి. అత్తయ్య కొంగు కప్పుకుని అరగంట చూసింది, పద అనలేదు. దిగేటప్పుడు రెండో గేరే. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే. న్యూట్రల్‌లో పెట్రోలు ఆదా చేద్దామనుకునే మగమహారాజులు ఇద్దరు, బ్రేకులు కాలిన వాసనతో గూడలూరు దగ్గర బానెట్ ఎత్తి నిలబడి ఉన్నారు.

ఇందాక మా తోటికోడలు ఫోన్ చేసింది. వచ్చే వారం వాళ్లు కొడైకెనాల్ వెళ్తున్నారట, పాసు ట్రావెల్స్ వాళ్లు చూసుకుంటారంది. ఓటీపీ నీ ఫోన్‌కే రావాలి, ఇప్పుడే కూర్చో అన్నాను. ఆర్సీ ముందు పెట్టించి, కారు నంబరు నాకు రెండుసార్లు చదివించాకే ఫోన్ పెట్టాను.